ఈపర్ ఊళ్ళో రాత్రి ఎనిమిది గంటలకు

పిల్లలూ, మీలో కంటోన్మెంటులో పెరిగినవారికి బ్యూగిల్ శబ్దం కొత్తేమీ కాదు. పొద్దున జెండా ఎగరేసేటప్పుడు, సాయంత్రం దించేటప్పుడు వింటూనే ఉంటారు. రైల్వే కాలనీలోనో, బ్యాంకు క్వార్టర్సులోనో పెరిగినవారు జనవరి 26న టీవీలో అయినా విని ఉంటారు. ఆ బ్యూగిల్ మీద వాయించే ఒక చిన్న బాణీ పేరు ‘లాస్ట్ పోస్ట్’. బెల్జియం దేశంలో ఈపర్ అనే ఊరుంది. అక్కడ ఆ బాణీని రోజూ రాత్రి సరిగ్గా ఎనిమిది గంటలకు వాయిస్తారు. పండగైనా, వానైనా, మంచు కురిసినా మానరు. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయి, సమాధి కూడా లేకుండా పోయినవారిని తలుచుకోవడానికి 1928లో మొదలుపెట్టిన పద్ధతి అది. దానికి టికెట్టు లేదు, ఆహ్వానం అక్కర్లేదు. ఎవరైనా వెళ్ళి నిలబడవచ్చు.

ఒక వేసవి సెలవుల్లో మేమూ వెళ్ళి నిలబడ్డాం. మా మరిది ఉద్యోగరీత్యా బ్రస్సెల్స్‌లో ఉంటాడు. వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, “వదినా, మీరు టీచర్లు కదా, అది తప్పకుండా చూడాలి” అని తనే కారులో తీసుకెళ్ళాడు. చూసివచ్చాక దాని గురించి మీకు వివరంగా రాయాలనిపించింది. ఎందుకంటే ఆ గోడ మీద ఉన్న పేర్లలో మనవాళ్ళవి కూడా ఉన్నాయి. మీలో కొందరి ఊరివాళ్ళవి, కొందరి రెజిమెంటువాళ్ళవి కూడా ఉండవచ్చు.

ముందు ఊరి సంగతి. అక్కడివాళ్ళు ‘ఈపర్’ అంటారు, ఫ్రెంచివాళ్ళు ‘ఈప్ర’ అంటారు. నోరు తిరగని ఆంగ్ల సైనికులు ‘వైపర్స్’ అని పిలిచారు. 1914 నుంచి 1918 వరకు నాలుగేళ్ళపాటు ఈ ఊరి చుట్టూ యుద్ధం జరిగింది. ఊరికి తూర్పున జర్మన్ సైన్యం, ఊళ్ళో బ్రిటిష్ పక్షం. మూడు వైపుల నుంచి ఫిరంగులు పేలుతుంటే ఊరు మొత్తం నేలమట్టమైంది. ఇప్పుడు మనం చూసే పాత కట్టడాలన్నీ యుద్ధం తర్వాత పాత నమూనా ప్రకారం మళ్ళీ కట్టినవే.

ఈ ఊరి నుంచి మెనిన్ అనే మరో ఊరికి పోయే దారి ఉంది. యుద్ధ సమయంలో వేలాదిమంది సైనికులు కోటగోడ దాటి ఆ దారినే కందకాలవైపు నడిచి వెళ్ళారు. చాలామంది తిరిగి రాలేదు. అందుకే ఆ దారి మొదట్లోనే స్మారకం కట్టారు. దానిపేరు మెనిన్ గేటు. రెజినాల్డ్ బ్లామ్‌ఫీల్డ్ అనే వాస్తుశిల్పి గీసిన నమూనా అది. 1927 జులై 24న ప్రారంభించారు. చూడటానికి పెద్ద రాతి సొరంగంలా ఉంటుంది. మామూలు వేళల్లో దాని కిందనుంచే కార్లు, సైకిళ్ళు పోతుంటాయి. లోపలి గోడల మీద, మెట్ల పక్కన, పై వరండాలో ఎటు చూసినా పేర్లే. 54,000కు పైగా పేర్లు.

ఇక్కడ ఒక్క విషయం సరిగ్గా అర్థం చేసుకోవాలి. ఇవి ఈ ప్రాంతంలో చనిపోయిన అందరి పేర్లూ కావు. శరీరం దొరికి, ఎవరిదో తెలిసినవారికి చుట్టుపక్కల పొలాల మధ్య సమాధులున్నాయి. వాళ్ళ పేరు రాతిపలక మీద ఉంటుంది. మెనిన్ గేటు మీద ఉన్నవి జాడ దొరకనివారి పేర్లు. ఫిరంగి గుండు పడ్డచోట మనిషి ఆనవాలు మిగలకపోవచ్చు. ఆ నేల ఎప్పుడూ చిత్తడిగా ఉంటుంది, వాన పడితే బురదలో మనుషులు కూరుకుపోయేవారు. కొందరిని తోటి సైనికులు హడావిడిగా పూడ్చిపెడితే, మర్నాడు పడిన గుండు ఆ సమాధిని కూడా ఎగరగొట్టింది. అలా పోయినవాళ్ళకు వాళ్ళవాళ్ళు వెళ్ళి దండం పెట్టుకోవడానికి చోటంటూ లేదు. ఆ లోటు తీర్చడానికే గోడ కట్టి పేరు చెక్కారు. ఇంత పెద్ద కట్టడం కూడా చాల్లేదు. బ్రిటన్ సైనికుల్లో 1917 ఆగస్టు మధ్య తర్వాత పోయినవారి పేర్లను కొద్ది దూరంలో ఉన్న టైన్ కాట్ అనే సమాధుల తోటలో వేరే గోడ మీద చెక్కాల్సి వచ్చింది. అవి మరో 35,000 దాకా ఉంటాయి.

ఇంకో సంగతి మా అమ్మాయిని బాగా ఆశ్చర్యపరిచింది. ఇప్పటికీ ఆ పొలాల్లో దున్నుతున్నప్పుడో, రోడ్డు వేస్తున్నప్పుడో ఎముకలు బయటపడుతుంటాయి. ఎవరివో తేలితే ఆ సైనికుడికి సమాధి కడతారు. ఆ తర్వాత గోడ మీదినుంచి అతని పేరు తీసేస్తారు. ఈ గోడ మీద పేరు లేకుండా పోవడమే మంచి కబురన్నమాట.

ఇక కార్యక్రమం. ఎనిమిదింటికి మొదలవుతుందంటే ఏడుకే అక్కడ ఉండటం మేలు. బెల్జియంలో జూన్ నెలలో రాత్రి ఎనిమిదింటికి ఇంకా పూర్తి వెలుతురే. మనకు సాయంత్రం నాలుగైనట్టు ఉంటుంది. ఏడున్నర ప్రాంతంలో పోలీసులు వచ్చి రాకపోకలు ఆపేస్తారు. అప్పటిదాకా కార్లు తిరిగిన రోడ్డు మధ్యలో ఖాళీగా మిగులుతుంది, జనం రెండు పక్కలా వరుసల్లో నిలబడతారు. మేం వెళ్ళిన రోజు ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక బడి పిల్లలు యూనిఫారాల్లో ముందు వరుసలో ఉన్నారు. పతకాలు పెట్టుకున్న ముసలివాళ్ళున్నారు. మాలాగే ఊరికే వచ్చినవాళ్ళూ చాలామందే ఉన్నారు.

ఎనిమిది కొట్టగానే బ్యూగిల్ వాయించేవాళ్ళు రోడ్డు మధ్యకు నడిచివస్తారు. వాళ్ళు సైనికులు కారు! అది ఆ ఊరి అగ్నిమాపక దళంవాళ్ళ బాధ్యత. మంటలార్పే మనుషులే రోజూ సాయంత్రం వంతులవారీగా వచ్చి బ్యూగిల్ వాయిస్తారు. ముందు అందరూ సావధానంగా నిలబడమని పిలుపు, ఆ తర్వాత లాస్ట్ పోస్ట్. తర్వాత ఒకరు ముందుకొచ్చి, పోయినవారిని మరువబోమని చెప్పే నాలుగు పాదాలు చదువుతారు. జనం చివరి మాటను తిరిగి పలుకుతారు. ఆపైన ఒక నిమిషం మౌనం. మౌనం అయ్యాక, ముందుగా పేరిచ్చుకున్నవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళి పుష్పగుచ్ఛం ఉంచుతారు. ఆఖరున ‘రెవీల్’ అనే మేలుకొలుపు బాణీ వాయిస్తారు. పావుగంటో, ఇరవై నిమిషాలో, అంతే. ప్రసంగాలుండవు. ముఖ్య అతిథిని వేదిక మీదికి ఆహ్వానించడాలు, శాలువాలు, వందన సమర్పణ ఏవీ ఉండవు. మన బడి వార్షికోత్సవాల్లో ఏళ్ళ తరబడి మైకు పట్టుకున్నవాళ్ళం కాబట్టి ఆ తేడా మాకు ఇట్టే తెలిసింది.

లాస్ట్ పోస్ట్, రెవీల్ అనే ఈ రెండు బాణీలూ మొదట్లో చావుకు సంబంధించినవి కావు. బ్రిటిష్ సైనిక శిబిరాల్లో రాత్రి కాపలా చోట్లన్నీ తనిఖీ చేసి, చివరి చోటు కూడా చూశాం, ఇక నిద్రపోవచ్చు అని తెలపడానికి వాయించేది లాస్ట్ పోస్ట్. పొద్దున లేపడానికి వాయించేది రెవీల్. పోయిన సైనికుడి రోజు ముగిసింది అనే అర్థంలో మొదటిదాన్ని అంత్యక్రియలకు తెచ్చుకున్నారు. దాని వెనక మౌనం, ఆ తర్వాత మేలుకొలుపు. బ్రిటిష్‌వారి నుంచి ఈ పద్ధతి మన సైన్యానికీ వచ్చింది. మన దగ్గర సైనిక లాంఛనాలతో జరిగే అంత్యక్రియల్లో ఇప్పటికీ ఇదే వరుస.

మరి అక్కడ మనం ఎలా మసలుకోవాలి? టోపీ తీసేయాలి. ఫోను జేబులో పెట్టుకోవాలి, కనీసం మోగకుండా చూసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, చప్పట్లు కొట్టకూడదు. బ్యూగిల్ ఎంత బాగా వాయించినా అది కచేరీ కాదు. మా దగ్గర ఎవరో చేతులు ఎత్తబోతే పక్కనున్న పెద్దావిడ మెల్లగా మోచేయి పట్టుకుని ఆపింది. మనం కూడా పుష్పగుచ్ఛం ఉంచాలనుకుంటే ఈ కార్యక్రమం నడిపే లాస్ట్ పోస్ట్ అసోసియేషన్‌కు ముందుగా తెలియజేయాలి. వాళ్ళు ఉంచేవి చాలావరకు కాగితంతో చేసిన ఎర్రటి పాపీ పూలు. యుద్ధంలో తిరగబడ్డ ఆ నేల మీద మొదట మొలిచిన పువ్వు అదే. 1915లో ఈపర్ దగ్గరే పనిచేసిన కెనడా సైనిక వైద్యుడు జాన్ మెక్రే రాసిన ‘ఇన్ ఫ్లాండర్స్ ఫీల్డ్స్’ పద్యంతో అది స్మరణ చిహ్నంగా మారింది. మన సైనికుల జ్ఞాపకార్థం దాని పక్కన బంతిపువ్వును కూడా పెట్టాలని ఢిల్లీలోని యునైటెడ్ సర్వీస్ ఇన్‌స్టిట్యూషన్ ప్రచారం చేసింది. గుమ్మానికీ, బతుకమ్మకూ, దేవుడికీ, ఆఖరి ప్రయాణానికీ కూడా వాడే పువ్వు కదా, ఆ ఎంపిక మాకు నచ్చింది.

రోజూ అన్నాం కదా, అది నిజంగా రోజూనేనా అనే సందేహం మీకు రావాలి. ఈ కార్యక్రమం 1928 జులై 2న మొదలైంది. ఆ ఊరి పోలీసు అధికారికి వచ్చిన ఆలోచన అది. వేసవి తర్వాత కొన్నాళ్ళు ఆగింది. మళ్ళీ 1929లో మొదలై, ఆ ఏడు నవంబరు 11 నుంచి రోజువారీ అయింది. రెండో ప్రపంచ యుద్ధంలో 1940 మే 20 నుంచి ఊరు జర్మనీ చేతిలో ఉండటంతో అక్కడ ఆపాల్సి వచ్చింది. అప్పుడు దీన్ని ఇంగ్లండులోని బ్రూక్‌వుడ్ సైనిక సమాధుల తోటలో జరిపారు. 1944 సెప్టెంబరు 6న పోలండు సైనికులు ఊరిని విడిపించారు. ఊళ్ళో ఒక పక్క కాల్పులు ఇంకా ఆగకముందే, ఆ సాయంత్రమే గేటు దగ్గర బ్యూగిల్ మోగింది. కరోనా కాలంలో జనాన్ని రానివ్వలేదు కానీ ఒక్క మనిషి వచ్చి వాయించి వెళ్ళాడు. 2015 జులై 9న ముప్పై వేలవ సారి జరిగింది.

ఇప్పుడు మనవాళ్ళ సంగతికి వద్దాం. కార్యక్రమం అయ్యాక జనం పలచబడ్డారు. గోడల మీద పేర్లు రెజిమెంటువారీగా, హోదావారీగా ఉంటాయి. కొంత వెతికాక సిపాయి, నాయక్, హవల్దార్, జమాదార్, సుబేదార్ అనే మాటలు ఆంగ్ల అక్షరాల్లో కనిపించాయి. “బాబాయ్, ఇవి మన మాటలు!” అని మా అమ్మాయి అరిచేసింది. చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. సింగులు, ఖాన్‌లు, గూర్ఖాల పేర్లు. మెనిన్ గేటు మీద భారత సైన్యానికి చెందినవారి పేర్లు 400కు పైగా ఉన్నాయి.

వాళ్ళక్కడికి ఎలా చేరారు? యుద్ధం మొదలైన రెండు నెలలకే, 1914 సెప్టెంబరు చివర్లో, లాహోర్ డివిజన్ సైనికులు ఓడల్లో ఫ్రాన్సులోని మార్సే రేవులో దిగారు. వెనకే మీరట్ డివిజన్ వచ్చింది. బ్రిటిష్ సైన్యం అప్పటికే సగం అరిగిపోయి ఉంది. ఎండదేశం కోసం కుట్టిన పలచటి ఖాకీ దుస్తులతోనే మనవాళ్ళను అక్టోబరు చలిలో ఈపర్ పక్కన కందకాల్లోకి పంపారు. అక్టోబరు 31న హొల్లెబెక్ అనే పల్లె దగ్గర 129వ బలూచి రెజిమెంటు సిపాయి ఖుదాదాద్ ఖాన్ ఒక మెషిన్‌గన్ దగ్గర ఉన్నాడు. తనతో ఉన్న మిగతావాళ్ళంతా చనిపోయారు. తనూ గాయపడ్డాడు. అయినా తుపాకీ వదలకుండా శత్రువును ఆపాడు. విక్టోరియా క్రాస్ అందుకున్న మొదటి భారతీయ సైనికుడు అతనే. అతని ఊరు ఇప్పుడు పాకిస్తాన్‌లోని చక్వాల్ ప్రాంతంలో ఉంది. అప్పటి భారత సైన్యం అంటే ఇవాళ్టి నాలుగు దేశాల ఊళ్ళు అని గుర్తుంచుకోవాలి. గోడ మీద వాళ్ళు పక్కపక్కనే ఉన్నారు.

మరుసటి ఏడు, 1915 ఏప్రిల్ 22న, ఇదే ఊరి దగ్గర జర్మన్లు మొదటిసారి పెద్ద ఎత్తున క్లోరిన్ విషవాయువు వదిలారు. నాలుగు రోజుల తర్వాత, ఏప్రిల్ 26న, లాహోర్ డివిజన్‌ను ఎదురుదాడికి పంపారు. ముఖానికి మాస్కుల్లాంటివేవీ సరిగ్గా లేవు, తడిగుడ్డే దిక్కు. 47వ సిక్కు, 40వ పఠాన్, 57వ రైఫిల్స్ దళాలు ఆ బయలులో మనుషులను విపరీతంగా పోగొట్టుకున్నాయి. ఆ రోజే జమాదార్ మీర్ దస్త్ తనవాళ్ళలో మిగిలినవారిని కూడగట్టి, గాయపడ్డ ఎనిమిదిమంది బ్రిటిష్, భారతీయ అధికారులను కాల్పుల మధ్య మోసుకురావడంలో సాయపడ్డాడు. అతనికీ విక్టోరియా క్రాస్ వచ్చింది.

ఇవన్నీ విన్నాక మా అమ్మాయి అడిగిన ప్రశ్న మీలోనూ చాలామందికి వచ్చే ఉంటుంది. “అమ్మా, మనల్ని పాలించినవాళ్ళ కోసం మనవాళ్ళు ఎందుకు ప్రాణాలు పోగొట్టుకున్నారు?”

దీనికి ఒక్క జవాబు లేదు. అప్పట్లో సిపాయి జీతం నెలకు 11 రూపాయలు. భూమి చాలని కుటుంబానికి అది నికరంగా వచ్చే డబ్బు. కొన్ని ఊళ్ళలో తాతల కాలం నుంచీ సైన్యంలో చేరడమే ఆనవాయితీ. ఇంటికి మాట రాకూడదు, రెజిమెంటుకు చెడ్డపేరు రాకూడదు అన్న పట్టుదల కూడా పెద్దదే. యుద్ధంలో సాయం చేస్తే స్వపరిపాలన వస్తుందని నాయకులు సైతం ఆశపడ్డారు. 1918లో గాంధీజీ ఖేడా జిల్లాలో సైనికుల చేరిక కోసం ఊరూరా తిరిగారు. యుద్ధం ముగిశాక వచ్చింది మాత్రం రౌలట్ చట్టం, 1919 ఏప్రిల్‌లో జలియన్‌వాలా బాగ్. కాబట్టి ఆ గోడ ముందు నిలబడితే గర్వం ఒక్కటే కలగదు. కోపం కూడా కలుగుతుంది. రెండూ కలిగినా తప్పులేదని మా అమ్మాయికి చెప్పాం. సామ్రాజ్యం గొప్పదని ఒప్పుకోవడానికి కాదు అక్కడ తల వంచేది, ఊరు విడిచివచ్చి తిరిగిపోలేని ఆ మనిషికి.

మర్నాడు సరిహద్దు దాటి ఫ్రాన్సులోని నూవ్ షాపెల్ వెళ్ళాం. కారులో గంటలోపే. పశ్చిమ రంగంలో పోయి, సమాధి లేని భారతీయులకు ప్రధాన స్మారకం అక్కడే ఉంది. సైనికులు, కూలీలు కలిపి 4,700 మందికి పైగా పేర్లున్నాయి. 1927 అక్టోబరు 7న ప్రారంభమైంది. హెర్బర్ట్ బేకర్ దాన్ని గీశాడు. న్యూఢిల్లీలో సెక్రటేరియట్ భవనాలు గీసింది కూడా ఆయనే. గుండ్రటి ఆవరణ, సాంచీ స్తూపం కంచెను గుర్తుచేసే రాతి జాలీ, అశోకుడి స్తంభంలా తామర తలతో నిటారుగా ఒక స్తంభం, దాని కింద రెండు పక్కలా పులులు. చుట్టూ ఫ్రెంచి గోధుమ పొలాలు. స్తంభం మీద ఆంగ్లం, అరబీ, హిందీ, గురుముఖి లిపులున్నాయి. తెలుగు మాస్టర్ల కళ్ళు కదా, మన అక్షరాల కోసం వెతికాయి. లేవు.

ఆ గోడ మీద గబర్ సింగ్ నేగీ పేరు ఉంది. గఢ్వాల్ రైఫిల్స్‌కు చెందిన ఆయన 1915 మార్చి 10న అక్కడే పోయాడు, విక్టోరియా క్రాస్ మరణానంతరం ఇచ్చారు. మేము ఉత్తరాఖండ్‌లో పనిచేసిన రోజుల్లో తెహ్రీ దగ్గర చంబాలో ఏటా ఏప్రిల్‌లో జరిగే గబర్ సింగ్ మేళా గురించి పిల్లలు చెబుతుండేవారు. మిఠాయి, రంగులరాట్నం, బొమ్మల దుకాణాలు అనే అనుకున్నాం అప్పుడు. ఆ మేళా పేరులోని మనిషికి సమాధి లేదనీ, పేరు మాత్రం ఇంత దూరంలో ఒక గోధుమ చేను పక్కన ఉందనీ అక్కడ చదివితేనే తెలిసింది.

తెలుగు నేలకు సంబంధం లేదా అంటే, ఉంది. 1914లోనే ఫ్రాన్సుకు చేరిన అశ్వికదళాల్లో ఒకదాని పేరే సికింద్రాబాద్ బ్రిగేడ్. అందులో 20వ డెక్కన్ హార్స్ ఉండేది. ఒకప్పటి హైదరాబాద్ కంటింజెంట్ నుంచి పుట్టిన రెజిమెంటు. 1916 జులై 14న సోమ్ యుద్ధంలో గుర్రాల మీద, ఈటెలతో మెషిన్‌గన్లకు ఎదురెళ్ళింది. అందులోవాళ్ళు ఎక్కువగా సిక్కులు, జాట్‌లు, దక్కనీ ముస్లింలు. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది. రెండు ప్రపంచ యుద్ధాలకూ అక్కడి యువకులు వెళ్ళారు, ఇప్పటికీ సైన్యంలో చేరుతూనే ఉన్నారు. అందరూ దాన్ని మిలటరీ మాధవరం అనే పిలుస్తారు. ఢిల్లీలో ఉన్నవాళ్ళు తీన్ మూర్తి కూడలిలోని మూడు విగ్రహాలను బస్సులోంచి చూసే ఉంటారు. వాటిలో ఒకటి హైదరాబాద్ లాన్సర్లది. మిగతా రెండు మైసూరు, జోధ్‌పూర్ దళాలవి.

మెనిన్ గేటు దగ్గరా, నూవ్ షాపెల్‌లోనూ మనవాళ్ళ పేర్లు చూశాం. అన్నిచోట్లా ఇలా లేదు. ఈ స్మారకాలను చూసుకునే యుద్ధ సమాధుల కమిషన్ 1917లో ఏర్పడింది. అధికారికీ సిపాయికీ, ఉన్నవాడికీ లేనివాడికీ ఒకే రకం రాయి, ఒకే రకం అక్షరాలు అన్నది దాని నియమం. ‘జంగిల్ బుక్’ రాసిన కిప్లింగ్ ఈ కమిషన్‌లో పనిచేశాడు, స్మారకాలకు మాటలు కూర్చాడు. ఆయన కొడుకు పద్దెనిమిదేళ్ళ వయసులో 1915లో ఫ్రాన్సులో జాడ తెలియకుండా పోయాడు. పేరు ఉండటం ఎంత అవసరమో ఆయనకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. కానీ ఐరోపాలో పాటించిన ఆ నియమాన్ని మిగతాచోట్ల పాటించలేదు. 1915 చివర్లో మన కాల్బలాన్ని ఫ్రాన్సు నుంచి మెసపటేమియాకు, అంటే ఇప్పటి ఇరాక్‌కు పంపారు. అక్కడ పోయినవారి కోసం కట్టిన బస్రా స్మారకంలో 40,000 మందికి పైగా లెక్క ఉంది. బ్రిటిష్ సైనికులకు పేర్లు చెక్కారు. భారతీయుల్లో అధికారులకు మాత్రమే పేర్లు చెక్కి, మిగతా సిపాయిలను రెజిమెంటుకు ఇంతమంది అని సంఖ్యగా చూపించారు. పేరు చోట అంకె! 2021 ఏప్రిల్‌లో కమిషన్ తానే ఒక నివేదిక ప్రకటించింది. 45,000 నుంచి 54,000 మందిని ఇలా అసమానంగా స్మరించారనీ, కనీసం మరో 1,16,000 మందికి పేరు లేదనీ, కొందరికి అసలు స్మారకమే లేకపోయి ఉండవచ్చనీ అందులో ఒప్పుకుంది. వీరిలో ఎక్కువమంది భారతీయులు, ఆఫ్రికన్లు. కమిషన్, బ్రిటిష్ ప్రభుత్వం రెండూ క్షమాపణ చెప్పాయి. ఆ పేర్లను వెతికి చేర్చే పని సాగుతోంది. ఆ యుద్ధానికి మన ఉపఖండం నుంచి సుమారు 13 లక్షలమంది వెళ్ళారు, 74,000 మందికి పైగా చనిపోయారు. ఎవరి తాత పేరు ఏ గోడ మీద ఉందో, ఎవరి తాత ఏ అంకెలో కలిసిపోయాడో అందరికీ తెలియదు.

తెలుసుకునే ప్రయత్నం మీరూ చేయవచ్చు. కమిషన్ జాబితాలు అందరికీ అందుబాటులో ఉన్నాయి. గోడ మీద పేరు, రెజిమెంటు మాత్రమే ఉంటాయి. జాబితాలో చాలామందికి తండ్రి పేరు, ఊరు, తహసీలు, జిల్లా కూడా రాసి ఉంటాయి. “గోడ మీద ఊరు లేదేంటి?” అని అడిగిన మా అమ్మాయి ఆ రాత్రి బాబాయి కంప్యూటర్లో ఒక్కో ఊరు చదువుతూ కూర్చుంది. వెతికేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. ఆ పేర్లను రెజిమెంటు గుమాస్తాలు చెవికి వినిపించినట్టు ఆంగ్లంలో రాసుకున్నారు. ఒకే పేరు ఐదు రకాలుగా ఉంటుంది. బదిలీలమీద తిరిగే మీకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఒక బడి టీసీలో ఒకలా, మరో బడి రిజిస్టరులో ఇంకోలా ఉన్న పేర్లను సరిచేయించుకోవడానికి మీ అమ్మానాన్నలు ఎన్ని అఫిడవిట్లు రాసి ఉంటారో. ముందు ఇంటిపేరు రాసే తెలుగు పిల్లలను ఉత్తరాది బళ్ళలో ఇంటిపేరుతోనే పిలుస్తారు కదా! అలాగే ఇక్కడా అక్షరాలు మార్చి, పేరులోని మాటలను ముందువెనకలు చేసి, ఊరిపేరు పాత జిల్లాతో కలిపి వెతకాలి.

విదేశం వెళ్తేనే ఇవన్నీ చూడగలం అనుకోకండి. ఢిల్లీ ఇండియా గేటు గోడల మీద 13,000కు పైగా పేర్లున్నాయి. అక్కడికి విహారయాత్రకు వెళ్ళి ఐస్‌క్రీం తిని వచ్చే పిల్లల్లో ఎంతమంది అవి చదివారో చేతులెత్తమంటే మా తరగతిలో ఎప్పుడూ రెండు మూడు చేతులకు మించి లేవలేదు. స్వాతంత్ర్యం తర్వాత పోయినవారికి దాని పక్కనే జాతీయ యుద్ధ స్మారకం 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైంది. త్యాగచక్రంలో ఒక్కో రాతి పలక మీద ఒక్కో సైనికుడి పేరు ఉంటుంది. అక్కడ కూడా రోజూ సాయంత్రం ఒక కార్యక్రమం జరుగుతుంది. ప్రతిరోజూ ఒక సైనికుడి ఇంటివాళ్ళు వచ్చి పుష్పగుచ్ఛం ఉంచుతారు. ఆ తర్వాత రిట్రీట్. నిలబడే పద్ధతి, చప్పట్లు కొట్టకపోవడం ఇక్కడా అంతే. ఢిల్లీకి బదిలీ అయినవాళ్ళు, ఢిల్లీ మీదుగా రైలు మారేవాళ్ళు ఒక సాయంత్రం వీలు చేసుకోండి. సూర్యాస్తమయాన్ని బట్టి వేళ మారుతుంటుంది. ముందుగా కనుక్కుని, అరగంట ముందే వెళ్ళండి.